గొడ్డలి నూరిన చెయ్యి

“నా కొడుకును సంపినవ్ గదరా! నీ దేవుని నోట్ల మన్ను వడ, నా సిన్న కొడుకును సంపినవ్ గదరా!”

బుచ్చవ్వ పెద్దకొడుకు రొమ్ము మీద రెండు పిడికిళ్లతోటి గుద్దుతనే ఉన్నది. ముత్తయ్య గోడకు ఆనుకొని నిలవడ్డడు. తల్లి చేతులు పట్టి ఆపలే. మొఖం పక్కకు తిప్పుకోలే.

“వెంకటి సావలేదవ్వా. కట్టేసిండ్రట.”

“కట్టేసుడు ఎందుకురా? కూసోవెట్టి బువ్వ పెట్టనీకా?”

దర్వాజ కాడ సుంకరి హనుమండ్లు కర్ర మీద బరువేసి నిలవడ్డడు. లోపలికి రాలే. తెచ్చిన కబురు ఒకసారి చెప్పిండు, మల్ల చెప్పుమంటరేమో అని భయపడుకుంట చూస్తున్నడు.

“మల్ల చెప్పు,” అన్నడు ముత్తయ్య.

“నన్ను తిట్టకు ముత్తన్నా. నేను చెప్పుమన్నది చెప్పేటోన్ని.”

“తిట్టనురా. చెప్పు.”

“పొద్దు గూకే లోపల నువ్వు పోశమ్మ గుడి కాడికి రావాలెనట. రాజం పటేలు తన కొట్టంల నుంచి రెండో పోతును తోలిచ్చిండు. నువ్వు ఒక్క ఏటుకు కొట్టాలెనట. రాకుంటే...” హనుమండ్లు బుచ్చవ్వ దిక్కు చూసి గొంతు తగ్గించిండు. “రాకుంటే వెంకటి కుడిచెయ్యి రోట్లె పెట్టి దంచుతరట. రోలు తెచ్చి పెట్టిండ్రు గూడ.”

బుచ్చవ్వ గుద్దుడు ఆపింది. అట్లనే కిందికి జారి, కొడుకు కాళ్ల కాడ కూలవడ్డది.

ఊర్లె అమ్మవారు పోసి ఇరువై రోజులు. తొమ్మిది పీనుగలు లేసినయ్. పోతును బలిస్తే తల్లి సల్లవడ్తదని ఊరు కూడి అనుకున్నది. ఏటేటా పోతును కొట్టుడు మాదిగవాడల ముత్తయ్య ఇంటి పని. తాత కొట్టిండు, బాపు కొట్టిండు, ముత్తయ్య తొమ్మిదేండ్లు కొట్టిండు. ఒక్క ఏటుకు తల కింద పడాలె. రెండో ఏటు పడితే తల్లి బలి ముట్టనట్టే. మూడేండ్ల కింద ముత్తయ్య బాప్తీస్మం తీసుకొని, కల్లు ఇడిసి, పోతును కొట్టుడు గూడ ఇడిసిండు. రెండేండ్లు ఊరోళ్లు పక్కూరి మనిషిని తెచ్చుకున్నరు. ఈసారి ఆ మనిషికే అమ్మవారు పోసింది.

“అన్న జోలికి పోకుండ్రి, నేను కొడ్త,” అని వెంకటి ముందటికి వచ్చిండు. ఎన్నడూ కోడిమెడ గూడ సరిగ తెంపనోడు.

ఇయ్యాల్ల పొద్దున మూడు ఏట్లు పడ్డా పోతు తల తెగలే. సగం తెగిన మెడతోటి అది పలుపు తెంపుకొని జనం మీదికెల్లి ఉరికింది. ఇద్దరు ఆడోళ్లను తొక్కింది. తప్పించుకునే తొవ్వ దొరుకక, ఊరోళ్లు తాగే చేదబాయిల పడి సచ్చింది. నెత్తురు కలిసిన నీళ్లను చూసి ఊరికి పిచ్చి లేసింది. చాకలి బాలవ్వకు పూనకం వచ్చి, “నా గొడ్డలి మీద పరాయి దేవుని చెయ్యి వడ్డది” అని అరిచింది. గొడ్డలి ఎవడు నూరిండని వెంకటిని పట్టుకొని తన్నిండ్రు. పండ్లు రాలేదాక వాడు చెప్పలే. రాలినంక చెప్పిండు.

“మా అన్న నూరిండు.”

ఆ సంగతి ఈ ఇంట్ల ఇప్పుడే బయటపడ్డది.

పొయ్యి కాడ నిలవడ్డ దేవవ్వ మొగని దిక్కు చూసింది.

“నువ్వు నూరినవా?” అన్నది.

ముత్తయ్య వంగి తల్లిని లేపవోయిండు.

“నిన్నే అడుగుతున్న. ఆ గొడ్డలి నువ్వు నూరినవా?”

“నూరిన.”

“ఎప్పుడు?”

“నిన్న. నువ్వు కట్టెలకు పోయినప్పుడు.”

“నేను లేనిది చూసి నూరినవన్నట్టు.”

“వాడు మొద్దుగొడ్డలి పట్టుకొని పోతుండె దేవీ. అది జారితే కాలు తెగ్గొట్టుకుంటడు. తమ్ముడాయె. ఊకోబుద్ది కాలే.”

“అయితే నాకు చెప్పి ఎందుకు నూరకపోయినవ్?”

పెండ్లానికి చెప్పి చేస్తే తమ్ముని మీద పాయిరం. దాసిపెట్టి చేసిండు కాబట్టి అది ఇంకేందో అయింది. అది ఏందో ఇద్దరికీ ఎరుకే.

“చూసినవానే పిల్లా?” బుచ్చవ్వ కిందికెల్లి లేచింది. “నూరంగ రాని దేవుడు ఇప్పుడు కొట్టంగ అడ్డమొస్తడట! నువ్వే గదనే వీన్ని చెడగొట్టింది? తాగితే తాగె, తంతే తన్నె, ఊర్లె ఒకనిగ ఉండె. పాటలు పాడుకుంట, కండ్లు మూసుకొని గొణుగుకుంట, ఇయ్యాల్ల తమ్ముని చెయ్యి తినబట్టె!”

“నేనేం అనలే అత్తా.”

“అనకు. నువ్వు ఏమనకుండ కూసున్నప్పుడే నాకు ఎక్కువ భయమైతది.”

బయట సైకిలు బెల్లు మోగింది. హనుమండ్లు పక్కకు జరిగిండు. ఉపదేశి ఏసుదాసు లోపలికి వచ్చిండు. చెమటకు తెల్లంగి పెయ్యికి అంటుకుపోయింది. కరీంనగర్ మిషన్ల చదువుకున్న మనిషి. పుస్తకంల మాట మాట్లాడుతడు.

“ముత్తయ్యా, అంతా విన్నాను. గొడ్డలి సంగతి నిజమేనా?”

“నిజమే అయ్యగారు.”

ఉపదేశి కండ్లు మూసుకున్నడు. “ఎంత పని చేశావయ్యా. ఒక్క కాలు ఇటు, ఒక్క కాలు అటు వేస్తే మధ్యలో చీలిపోతావని ఎన్నిసార్లు చెప్పాను?”

“చీలింది నేను కాదయ్యగారు. వెంకటి.”

ఆ మాటకు ఉపదేశి మెత్తవడ్డడు. గొంతు తగ్గించి, “విను. చేల వెంబడి పడి ఇద్దరూ కరీంనగర్ వెళ్లిపోండి. మిషన్‌లో నీకు నీడ దొరుకుతుంది. నేను హుస్నాబాద్ పోయి పోలీసులను తెస్తాను. ప్రభువు తన బిడ్డలను కాపాడుతాడు,” అన్నడు.

“హుస్నాబాద్ ఆరు కోసులు,” అన్నది దేవవ్వ. “పొద్దు గూకనీకె ఇంక రెండు బారలే ఉన్నది. మీరు పోయి వచ్చేవరకు మా మరిది చెయ్యి ఎవరు కాపాడుతరయ్యగారు?”

ఉపదేశి చెప్పబోయిండు. చెప్పేలోపలే వాడ చివర నుంచి పొగ లేసింది. ముందుగాల తెల్లగ, ఎనుక నల్లగ. గడ్డి కాలిన వాసన.

“ప్రార్థన గుడిసె,” అన్నడు హనుమండ్లు. “అంటువెడ్తమని అన్నరు గని నిజంగ అంటువెడ్తరనుకోలే.”

దేవవ్వ ఊడ్చి, పేడతోటి అలికి, ముగ్గేసిన గుడిసె. ముత్తయ్య అడివికెల్లి దూలాలు మోసుకొచ్చి కట్టిన గుడిసె. ఇద్దరూ దర్వాజల నిలవడి చూసిండ్రు. ఎవ్వరూ ఉరుకలే. చల్లార్పనీకె నీళ్లు చేదుదామన్నా చేదబాయిల పోతు పడి ఉన్నది.

ఉపదేశి వాళ్లను దాటి బయటికి వచ్చిండు. సైకిలు పట్టుకున్నడు. “నేను పోలీసులను తెస్తాను. నిలబడు ముత్తయ్యా. విడిచిపెట్టడు ఆయన.” ఎక్కి తొక్కుకుంట పోయిండు.

కాపాడుతడని చెప్పేటోళ్లకు సైకిలు ఉంటది. ఇనేటోళ్లకు కాళ్లే ఉంటయ్.

బుచ్చవ్వ కొడుకు గదువ పట్టుకున్నది. తిట్టు పోయింది, అడుక్కునుడు వచ్చింది.

“బిడ్డా, ముత్తీ, ఒక్క ఏటు. తొమ్మిదేండ్లు కొట్టినవ్. పదో ఏడు అనుకో. నీ దేవునికి నేను చెప్పుకుంట. నా మీద ఏసుకుంట ఆ పాపం.”

“అట్ల ఏసుకోనీకె రాదవ్వా.”

“ఎందుకు రాదు? నిన్ను తొమ్మిది నెలలు మోయలేదా? ఇదీ మోస్త.”

ముత్తయ్య తల్లి చెయ్యి మెల్లగ తీసిండు. తువ్వాల నెత్తికి చుట్టుకున్నడు.

“యాడికి?” అన్నది దేవవ్వ.

“గుడి కాడికి.”

“పోయి?”

“పోయినంక చూస్త.”

ఆమె ఇంకేం అడుగలే. కొంగు నడుముకు చెక్కుకొని ఎనుక నడిసింది. వాడ దాటినంక, కాలుతున్న గుడిసె పక్కకెల్లి పోతుంటే, ముత్తయ్య మెల్లగ అన్నడు.

“దేవీ, నేను ఇడిసిపెడితే ఆయన గూడ ఇడిసిపెడ్తడా?”

“నీకే ఎరుక ఉండాలె. మోట బొక్కెనలు కుట్టేటోనివి నువ్వు. తోలు ఎండి ఉన్నప్పుడు కుట్ల కాడ నీళ్లు కారుతయ్. బాయిల ముంచి బరువు పడ్డంకనే గద కుట్టిన తోలువారు బిగుస్తది?”

“కొన్ని తెగిపోతయ్ గూడ.”

“తెగేటియి నువ్వు కుట్టినయ్,” అన్నది దేవవ్వ. “నిన్ను కుట్టింది నువ్వు కాదు.”

మొదటి రాయి అప్పుడే వచ్చి ముత్తయ్య భుజానికి తాకింది.

ఎవడు ఏసిండో కనవడలే. రెండోది చెవి కాడ తాకింది. నెత్తురు వెచ్చగ మెడ మీదికి దిగింది. చేదబాయి కాడ మోకులేసి సచ్చిన పోతును పైకి గుంజుతున్న మొగోళ్లు ఆ పని ఇడిసి ముత్తయ్య మీదికి వచ్చిండ్రు. పది కట్టెలు ఒక్కసారే లేసినయ్. దేవవ్వ నడుమ పడితే జుట్టు పట్టి పక్కకు ఇసిరిండ్రు.

“సంపకుండ్రిరా! చెయ్యి మంచిగ ఉండాలె,” అని ఎవడో అరిచిండు. “పోతును కొట్టేదాక చెయ్యి మీద ఏటు ఎయ్యకుండ్రి!”

కాళ్ల మీద, వీపు మీద కొట్టిండ్రు. కుడిచెయ్యిని మాత్రం పెండ్లికొడుకు చెయ్యి తీరుగ కాపాడిండ్రు. తర్వాత ఈడ్చుకొని పోయిండ్రు.

పోశమ్మ గుడి ముందట వెంకటి రాతికంబానికి కట్టేసి ఉన్నడు. మూతి వాసి, ఒక కన్ను మూసుకుపోయింది. వాని పక్కన రోలు. రోట్లె రోకలి. ఇంకో పక్కన మెడల ఏపమండలు కట్టిన నల్లటి దున్నపోతు, దాని ముందట పచ్చగడ్డి. ఇవేవీ దానికి పట్టయ్. తోక ఆడిచ్చుకుంట నిలవడ్డది.

రాజం పటేలు గద్దె మీద కూసున్నడు. ఆయన మనుమరాలు మొన్న పోయింది, ఆరేండ్ల పిల్ల. ఆ సంగతి ముత్తయ్యకు ఎరుకే. అందుకే ఆయన మొఖంలకు చూడలేకపోయిండు.

“వచ్చినవా ముత్తిగా,” అన్నడు పటేలు. అరువలే. అరిస్తే బాగుండు. “నిజాం పోయి ఆరేండ్లాయె, ఇగ ఎవ్వని మాట ఎవడు ఇనవల్సిన పని లేదనుకున్నవా? నా పిల్ల పోయింది. ఇంక ముగ్గురు పిల్లలు పెయ్యినిండ పొక్కులతోటి పండుకున్నరు. నీకు దండం పెట్టుమంటే పెడ్త. కొట్టు.”

ఆ మాట కర్రల కన్న గట్టిగ తాకింది ముత్తయ్యకు.

“మీ పిల్లల కోసం నేను మొక్కుతున్న పటేలా. రోజూ మొక్కుతున్న.”

“నీ మొక్కు నాకు వద్దు. నీ చెయ్యి కావాలె.”

గొడ్డలి చేతికిచ్చిండ్రు. నిన్న తానే నూరిన గొడ్డలి. మూడు ఏట్లకు అంచు ఒక్క కాడ వంగింది గని ఇంక కోస్తది. డప్పులు ఆగినయ్.

“అన్నా,” అన్నడు వెంకటి. పండ్లు లేక మాట ఈలతోటి వస్తున్నది. “అన్నా, ఒక్క ఏటే గద. కొట్టి ఎనుక మొక్కుకో. ఎంత పెద్ద తప్పైనా నీ దేవుడు మాఫ్ జేస్తడని నువ్వే గద నాకు చెప్పినవ్. ఇది మాఫ్ జెయ్యడా?”

ఉపదేశి ఉంటే దీనికి జవాబు చెప్పునేమో అనుకున్నడు ముత్తయ్య. ఆయన ఇప్పుడు ఏ తొవ్వ మీద ఉన్నడో.

పోతు గడ్డి దిక్కు చూసింది. ముత్తయ్య కండ్లు వద్దన్నా దాని మెడ మీదికి పోయినయ్. మెడ ముడుచుకొని ఉన్నప్పుడు కొడితే గొడ్డలి బొక్కకు తాకి జారుతది. గడ్డి అందీ అందనంత దూరంల ఉండాలె. అందుకోనీకె అది మెడ సాపుతది. సాపి, నిండ ఊపిరి పీల్చి, ఇడుస్తది. ఇడిసినప్పుడు రెండు బొక్కల నడుమ ఏలు పట్టేటంత గుంట పడ్తది. రెప్ప కొట్టేటంత సేపే. అప్పుడు కొట్టాలె. తాత బాపుకు చెప్పిండు, బాపు ముత్తయ్యకు చెప్పిండు. ముత్తయ్య తమ్మునికి గొడ్డలి నూరి ఇచ్చిండు గని ఈ మాట చెప్పలే. చెబితే తానే కొట్టినట్టు అనుకున్నడు. చెప్పకనే వాడు మూడు ఏట్లు కొట్టిండు.

గొడ్డలి మెల్లమెల్లగ పైకి లేసింది. లేపినట్టు గూడ ముత్తయ్యకు తెలువలే. భుజం దానంతట అదే తిరిగింది, కాళ్లు వాటంతట అవే ఎడమైనయ్. తొమ్మిదేండ్ల పని పెయ్యిల ఉంటది, నీళ్లల్ల మునిగినా పోదు. ఆ క్షణంల ముత్తయ్యకు భయం లేదు, దేవుడు లేడు, తమ్ముడు లేడు. మెడ ఒక్కటే ఉన్నది. ఎంత మంచి మెడ అనుకున్నడు.

అట్ల అనుకున్నందుకే తన మీద తనకే భయమైంది.

“ప్రభువా, పట్టుకో,” అన్నడు. బయటికి వినవడలే.

గొడ్డలి దించిండు. తెచ్చి పటేలు కాళ్ల కాడ పెట్టిండు.

“నా తోటి కాదు పటేలా.”

“నూరినవ్ గదరా!”

“నూరిన. తప్పైంది. ఆయన ముందట తప్పైంది, నా తమ్ముని ముందట తప్పైంది. నూరింది ఈ చెయ్యి. వెంకటిది కాదు.” ముత్తయ్య పోయి రోలు కాడ మోకాళ్ల మీద కూసున్నడు. కుడిచెయ్యి రోట్లె పెట్టిండు. “దంచితే దీన్ని దంచుండ్రి. వాన్ని ఇడువుండ్రి.”

జనంల గుసగుస లేసింది. ఎవడో నవ్విండు. నవ్వినోన్ని పక్కోడు కొట్టిండు.

పటేలు రోలు దిక్కు చూసిండు. తర్వాత, “వెంకటి కట్లు ఇప్పుండ్రి,” అన్నడు. “రోకలి వాని చేతికియ్యుండ్రి. వాని అన్న చెయ్యి వాడే దంచితే వాడు ఇంటికి పోవచ్చు.”

వెంకటి రోకలి పట్టలే. పట్టేదాక కొట్టిండ్రు. పట్టినంక లేపలే. మల్ల కొట్టిండ్రు. ఒకడు వాని మెడ మీద కాలు పెట్టిండు.

“కొట్టురా,” అన్నడు ముత్తయ్య. “నిన్నేమన్నా అంటనా? కొట్టు.”

“నా తోటి కాదన్నా.”

“నీ తోటీ కాకపోతే ఎట్లరా?”

అప్పుడు జనాన్ని తోసుకుంట బుచ్చవ్వ వచ్చింది. నెత్తి మీద కొంగు లేదు. పెద్దకొడుకు దిక్కు చూసింది, సిన్నకొడుకు దిక్కు చూసింది. లోకంల ఏ తల్లికీ రావద్దు ఆ చూపు.

“కొట్టు బిడ్డా,” అన్నది వెంకటితోటి. “చెయ్యి పోతే పాయె. ఇద్దరూ ఉంటరు నాకు. కండ్లు మూసుకొని కొట్టు.”

వెంకటి కండ్లు మూసుకున్నడు.

పచ్చికట్టె ఇరిగిన సప్పుడు వచ్చింది. దెబ్బ పడితే ప్రభువును పిలుస్తననుకున్నడు ముత్తయ్య. నోట్లెకెల్లి వచ్చింది మాత్రం “అవ్వా!” అనే. తల్లి చెవులు మూసుకొని మట్టిల పడి పొర్లింది. ఎనుక పట్టి ఆపిన ఆడోళ్లను తోసి దేవవ్వ వచ్చి, కొంగు చింపి, రోట్లెకెల్లి ఆ చేతిని ఎత్తింది. ఏళ్లు ఏ దిక్కున్నయో తెలువకుంట ఉన్నయ్.

కండ్లకు చీకట్లు కమ్ముతుంటే ముత్తయ్య లోపలికి తడుముకున్నడు. నొప్పి ఉన్నది. కోపం గూడ ఉన్నది, ఊరంత కోపం. వాటన్నిటి కింద, “ప్రభువా, ఇంక పట్టుకునే ఉన్నవా?” అని ఎవడో అడుగుతున్నడు. అడుగుతున్నది తానే అని కొంచెం ఆగి గుర్తువట్టిండు. అడిగేటోడు ఇంక లోపలనే ఉన్నడు. అది తెలిసినంక ఏడుపు వచ్చింది.

“పోదాం లే,” అన్నది దేవవ్వ. “వెంకటీ, అన్నకు ఆ పక్క పట్టు.”

“ఆగుండ్రి,” అన్నడు పటేలు.

అందరూ ఆయన దిక్కు చూసిండ్రు. ఆయన గద్దె మీదికెల్లి లేచి వచ్చి, కిందున్న గొడ్డలి ఎత్తిండు.

“దెబ్బకు దెబ్బ ముట్టింది. తల్లికి బలి ముట్టలే. పోతు ఇంక నిలవడే ఉన్నది. పొద్దు ఇంక గూకలే.” గొడ్డలి వెంకటి చేతుల పెట్టిండు. “ఈ ఇంటి మనిషే కొట్టాలె. ఉన్నది నువ్వొక్కనివి. ఈసారి తప్పితే రోలు ఉండదు, రోకలి ఉండదు. నీ మెడే.”

“ఇంటికి పంపుతనంటివి గద దొరా!” బుచ్చవ్వ ఆయన కాళ్ల మీద పడ్డది. “నీ బాంచెన్, ఇంటికి పంపుతనంటివి గద!”

“కొట్టి పొమ్మను.”

ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టి వెంకటిని పోతు ముందటికి తోసిండ్రు. వాడు గొడ్డలి కామను ఒకసారి పైకి, ఒకసారి కిందికి పట్టి చూసిండు. మెడ మీద యాడ కొట్టాలెనో వానికి తెలువదు. వాడు ఎనుకకు తిరిగి చూసిండు. పటేలు దిక్కు కాదు, తల్లి దిక్కు కాదు.

“అన్నా,” అన్నడు. “నీకెరుకే. యాడ కొట్టాలె? ఎప్పుడు కొట్టాలె? నువ్వు చెయ్యితోటి కొట్టకు. నోటితోటి చెప్పు.”

ఊరంతా ముత్తయ్య మూతి దిక్కు తిరిగింది. బుచ్చవ్వ మట్టిల పడి ఉన్న కాడికెల్లే తలెత్తింది.

ముత్తయ్య నోరు తెరిచిండు. నెత్తురంటిన దేవవ్వ చెయ్యి ఆయన మూతి మీదికి లేసి, మూయకుంట, మొఖానికి బెత్తెడు దూరంల ఆగిపోయింది.

పోతు గడ్డికోసం మెడ సాపింది. నిండ ఊపిరి పీల్చింది.